‘నేను అసలు రచయితనేనా?’: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో కథ ఎత్తుగడ గురించీ, ముగింపు గురించీ, శిల్పం గురించీ అడిగేవే ఎక్కువగా ఉంటాయి. ఈసారి మాత్రం చాలామంది భయం గురించి రాశారు. రాయడానికి కూర్చోగానే మొదలయ్యే గుండె దడ, రాసినది చదువుకున్నప్పుడు కలిగే చిన్నతనం, పత్రికకు పంపిన తరువాత నిద్ర పట్టనివ్వని ఎదురుచూపు: ఏ ఉత్తరం తెరిచినా వీటిలో ఏదో ఒకటి కనిపించింది. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. ఇంతవరకు మూడు కథలు అచ్చయ్యాయి. మూడో కథకు సంక్రాంతి కథల పోటీలో బహుమతి వచ్చింది. పాఠశాలలో శాలువా కప్పి సన్మానం కూడా చేశారు. అది మొదలు ఒక్క కథ కూడా పూర్తి చేయలేకపోతున్నాను. మొదటి పేరా రాస్తాను, చదువుకుంటాను, కొట్టివేస్తాను, మళ్ళీ కూర్చుంటాను. సెలవుల్లోనైనా తీరికగా రాద్దామని ఎదురుచూస్తున్నాను. ఆ బహుమతి పొరపాటున వచ్చిందనీ, తరువాతి కథ చదివితే నాకేమీ చేతకాదని అందరికీ తెలిసిపోతుందనీ భయంగా ఉంది. వాట్సాప్ గ్రూపులో తోటి రచయిత్రులు తమ కథ అచ్చయిందని పెడితే ఆ రోజంతా మనసు బాగుండదు. ఇది అసూయేమోనని సిగ్గుగా కూడా ఉంది. రాయడం మానేయడమే మంచిదంటారా?
– ఒక ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. మానవద్దు. రాయాలన్న కోరిక పోయిందని మీరు ఉత్తరంలో ఎక్కడా అనలేదు. కొట్టివేస్తూ కూడా మళ్ళీ మళ్ళీ కూర్చుంటున్నానని రాశారు. ఆ కోరిక ఉన్నంతవరకు మానేయడం వల్ల భయం పోదు, కథలు మాత్రమే పోతాయి.

మీరు చెప్పిన భయం చాలామందికి ఉన్నదే. పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు, తమ తమ రంగాల్లో గుర్తింపు పొందిన 150 మందికి పైగా స్త్రీలను పరిశీలించి 1978లో ఒక వ్యాసం ప్రచురించారు. చదువులూ పదవులూ తోటివారి గౌరవమూ ఉన్నప్పటికీ, ఆ స్త్రీలలో చాలామంది తమ విజయానికి అదృష్టమో, పరీక్షించినవారి పొరపాటో కారణమని నమ్ముతున్నారనీ, ఏదో ఒకనాడు తమ బండారం బయటపడుతుందని లోలోపల భయపడుతున్నారనీ వారు రాశారు. ఇప్పుడు అందరూ ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటున్నది దీనినే. వైద్యులు దీనిని వ్యాధుల జాబితాలో చేర్చలేదు. అయితే ఆ పరిశీలనలో మీరు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది: విజయాలు పెరిగినా ఆ భయం తగ్గలేదు. కాబట్టి ఇంకొక బహుమతి వస్తే ధైర్యం దానంతట అదే వస్తుందని మీరు ఎదురుచూడకూడదు. ధైర్యం వచ్చే దారి అది కాదు.

బహుమతి విషయం కాస్త నిదానంగా ఆలోచించండి. చాలా పోటీల్లో న్యాయనిర్ణేతల చేతికి కథ ఒక్కటే వెళుతుంది, రచయిత పేరు తీసివేస్తారు. వాళ్ళు ఆ కథను, ఆ విడతలో వచ్చిన మిగతా కథలతో పోల్చి, మంచి చెడ్డలు చూసి నిర్ణయించారు. మీరెవరో వాళ్ళకు తెలియదు. మీ ప్రతిభ ఎంత, ఇకముందు మీరు ఎలా రాస్తారు అన్నవాటి మీద వాళ్ళు తీర్పు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ వాళ్ళకు లేదు. వాళ్ళు మీ మీద తీర్పే చెప్పనప్పుడు, తరువాతి కథ బాగుండకపోతే కొట్టుకుపోవడానికి ఏముంది? మూడో కథ మంచి కథగా అలాగే ఉంటుంది. నాలుగో కథ మంచిది కాకపోతే అదొక మంచిది కాని కథ, అంతే. ఈ మాట తేలికగా అంటున్నాననుకోకండి. కథ మీద రావలసిన తీర్పును మనిషి మీదికి తెచ్చుకోవడమే మీ చేతిని పట్టి ఆపుతున్నదని నా గట్టి నమ్మకం. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ నాకు కనిపించిన అసలు బాధ ఇదే.

జాన్ స్టైన్‌బెక్ అనే అమెరికన్ నవలాకారుడు ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలను 1938లో, మే నెలాఖరు నుంచి అక్టోబరు దాకా, సుమారు ఐదు నెలల్లో రాశాడు. ఆ నెలల్లో పని మొదలుపెట్టే ముందు ఒక దినచర్య పుస్తకంలో కొంతసేపు రాసుకునేవాడు. ఆయన మరణించిన చాలా ఏళ్ళకు, 1989లో, అది అచ్చయింది. తాను రచయితనే కాననీ, తనను తాను మోసగించుకుంటూ ఇతరులను కూడా మోసగిస్తున్నాననీ ఆయన అందులో రాసుకున్నాడు. తన బద్ధకం మీద కోపం, చుట్టుపక్కల చప్పుళ్ళ మీద చిరాకు, ఈ పుస్తకం తన శక్తికి మించినదన్న దిగులు అందులో పుటపుటనా కనిపిస్తాయి. నవల 1939లో వెలువడింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది, 1962లో ఆయనకు నోబెల్ వచ్చింది. సందేహపడేవాళ్ళందరూ గొప్పవాళ్ళవుతారని చెప్పడానికి ఇది ఎత్తడం లేదు. అలా చెప్పడం మిమ్మల్ని మభ్యపెట్టడమే అవుతుంది. ఆయన పనితీరులో మనం నేర్చుకోదగినది వేరే ఉంది. సందేహానికి ఒక పుస్తకం, నవలకు ఒక పుస్తకం పెట్టుకున్నాడు. మొదటి దానిలో మనసు ఎంత కుంగినా, రెండో దానిలో ఆనాటికి అనుకున్న పని చేయడానికే ప్రయత్నించాడు. మీరు కూడా ఒక చవక నోటుపుస్తకం కొనుక్కొని, కథ ముందు కూర్చోగానే ఐదు నిమిషాలు ఆ భయాన్ని ఉన్నదున్నట్టు అందులో రాసి, మూసి పక్కన పెట్టండి. దాన్ని ఎవరికీ చూపించవలసిన పని లేదు, మీరైనా తిరిగి చదవనక్కరలేదు.

ఇక మొదటి పేరా సంగతి. సందేహం రచయితకు శత్రువని కొందరు చెబుతుంటారు గాని, నేను ఒప్పుకోను. సందేహం లేని రచయిత తన తప్పును చూడలేడు. మీకు సందేహం ఉండడంలో తప్పేమీ లేదు, అది రావలసిన సమయానికన్నా ముందే వస్తోంది. నూర్చకముందే తూర్పారబట్టడానికి నిలబడితే గాలికి పోయేది పంటే గదా! చిత్తుప్రతి పూర్తయ్యేదాకా మీ పని గింజలు రాల్చుకోవడమే. గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు 1897లో వెలువడింది. మనమంతా చదువుకుంటున్నది ఆయన ఎంతగానో పెంచి, మార్చి, తిరగరాసి 1909లో తెచ్చిన రెండో కూర్పు. అచ్చయి పేరు తెచ్చుకున్న నాటకం మీద కూడా ఆయనకు అసంతృప్తి మిగిలే ఉంది. ఆ అసంతృప్తి పనిచేసింది రాయడం ముగిసిన నాటకం మీద. మొదటి కూర్పే లేకపోతే ఆయన దేన్ని తిరగరాసేవారు?

అందుచేత ఒక నియమం పెట్టుకోండి. కథ చివరి వాక్యం రాసేవరకు మొదటి పేరాను మళ్ళీ చదవకండి. ఫోనులోనో కంప్యూటరులోనో రాస్తే చెరిపేయడం మరీ సులువు కనుక, కొన్నాళ్ళు కాగితం మీద కలంతో రాయండి. ఎక్కడైనా మాట తోచకపోతే ‘ఇక్కడ తల్లి ఏదో కఠినంగా అంటుంది’ అని రాసి ముందుకు వెళ్ళిపోండి. ఆ తల్లి ఏమన్నదో కథ ముగిశాక మీకే తెలుస్తుంది. మొదటి పేరా చాలా కథల్లో చివరికి మారిపోతుంది, కొన్నిసార్లు పూర్తిగా పోతుంది కూడా. నిలుస్తుందో లేదో తెలియని పేరాను చెక్కుతూ కూర్చోవడంలో అర్థం లేదు.

సమయం విషయంలో కూడా ఒక మాట. సెలవుల్లో తీరికగా రాద్దామని మీరు ఎదురుచూస్తున్నట్టు ఉత్తరంలో ఒకచోట ఉంది. రాబర్ట్ బాయిస్ అనే మనస్తత్వవేత్త రాయలేక ఇబ్బందిపడుతున్న విశ్వవిద్యాలయ అధ్యాపకుల మీద 1980లలో అధ్యయనాలు చేశాడు. మనసు కుదిరినప్పుడే రాసినవాళ్ళకన్నా, కుదిరినా కుదరకపోయినా రోజూ కొంతసేపు తప్పనిసరిగా రాసినవాళ్ళు ఎక్కువ పేజీలు రాయడమే గాక, వాళ్ళకు కొత్త ఆలోచనలు కూడా ఎక్కువగా వచ్చాయని అతను గమనించాడు. మనలో చాలామంది నమ్మేదానికి ఇది సరిగ్గా విరుద్ధం. బడికి బయలుదేరే ముందు అరగంట దొరికితే అది చాలు. సన్నివేశం మధ్యలో, తరువాతి వాక్యం ఏమిటో తెలిసి ఉండగానే ఆపేయండి. మర్నాడు కూర్చోవడానికి భయపడవలసిన అవసరం సగం తగ్గుతుంది.

వాట్సాప్ గ్రూపు గురించి సిగ్గుపడకండి. మీకు ఎంతో ఇష్టమైనది మరొకరికి దక్కినప్పుడు మనసు చివుక్కుమనడం అందరికీ ఉన్నదే, దానివల్ల మీరు చెడ్డవారైపోరు. రాసే అరగంటకు ముందు మాత్రం ఆ గ్రూపు తెరవకండి. తోటి రచయిత్రి కథ అచ్చయితే, కొన్నాళ్ళు పోయాక, మనసు స్థిమితపడ్డాక, ఆ కథనే తీరికగా చదవండి. అచ్చయిందన్న వార్త మిమ్మల్ని గాయపరచినంతగా ఆ కథ గాయపరచదు. బాగుంటే దానినుంచి నేర్చుకుంటారు కూడా.

ప్రశ్న: నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. పోటీ పరీక్షలకు చదువుకుంటూ కథలు రాస్తున్నాను. మా ఊరి మాటల్లోనే రాస్తాను. ఒక పత్రికకు పంపితే ‘భాష సరిచేసి పంపండి’ అని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. మిగతా పత్రికల నుంచి జవాబే లేదు. ఇప్పుడు ఏ వాక్యం రాసినా ఇది తప్పేమోనని ఆగిపోతున్నాను. పుస్తకాల భాషలో రాద్దామంటే అందులో మా అమ్మ మాట్లాడదు. రోజుకు పదిసార్లు మెయిల్ చూసుకుంటున్నాను. చదువు మీద కూడా మనసు నిలవడం లేదు.
– ఒక యువ రచయిత

జవాబు: ‘అందులో మా అమ్మ మాట్లాడదు’ అని మీరు రాసిన వాక్యం ఎంతో బాగుంది. ఆ ఒక్క వాక్యం చాలు, మీకు చెవి ఉందని చెప్పడానికి.

మీ సందేహం మీలో పుట్టింది కాదు, బయటినుంచి మీ మీదికి వచ్చింది. ‘కన్యాశుల్కం’ 1897లో వెలువడినప్పుడే గురజాడ తన పీఠికలో వాడుక భాషను సమర్థించుకోవలసి వచ్చింది. అప్పటినుంచి ప్రతి ప్రాంతంవాళ్ళూ తమ మాటను కథలోకి తేవడానికి ఇదే కష్టం పడ్డారు. ఉత్తరాంధ్ర పలుకుబడిని రావిశాస్త్రి కథల్లో నిలబెట్టారు. చిత్తూరు జిల్లా పల్లెమాటలో, సంభాషణలే గాక కథనం మొత్తం, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాశారు. మీ ప్రాంతపు రైతుల బతుకును అల్లం రాజయ్య రాశారు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ ప్రభుత్వం భాషా దినోత్సవంగా జరుపుతోంది. ఇవన్నీ తెలిసి కూడా ఇంకా ‘భాష సరిచేయండి’ అని ఒక యువకుడికి రాసే అలవాటు పోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అయినా ఆ వ్యాఖ్యను పూర్తిగా తోసివేయవద్దు. దాన్ని రెండుగా విడదీసి చూడండి. కథలో అక్షరదోషాలు, ఒకే మాటను ఒకచోట ఒకలా మరొకచోట మరోలా రాయడం, వాక్యం ఎవరిదో తెలియకపోవడం వంటివి ఉంటే వాటిని సరిచేయవలసిందే. అవి యాసకు సంబంధించినవి కావు, ఏ భాషలో రాసినా తప్పులే. వాటిని సరిచేసిన తరువాత కూడా మీ ఊరి మాట మీ ఊరి మాటగానే ఉంటుంది, దాన్ని మాత్రం వదులుకోకండి. మరో జిల్లా పాఠకునికి అర్థం కాదని అనుమానం ఉన్న మాటను, సందర్భం నుంచి అర్థం తెలిసేటట్టు వాక్యంలో కూర్చండి. అదీ కుదరకపోతే మరో మాట వెతకండి. కథ వెంట పదాల పట్టిక పెట్టడం నాకు అంతగా నచ్చదు.

జవాబు రాకపోవడం గురించి పత్రికల పద్ధతి కాస్త తెలుసుకుంటే మీ ఆందోళన కొంత తగ్గవచ్చు. వారానికి ఒక కథ వేసే ఆదివారం అనుబంధంలో ఏడాదికి పట్టేవి 52 కథలు. అందులో ఉగాది, దసరా, దీపావళి పోటీల కథలు కొన్ని వారాలు తీసుకుంటాయి. పోటీలో బహుమతి రాకపోయినా ‘సాధారణ ప్రచురణకు’ తీసుకున్న కథలు మరికొన్ని వరుసలో ఉంటాయి. కథలు చదివేది సాధారణంగా ఒకరిద్దరే, వాళ్ళకు వేరే పనులూ ఉంటాయి. తిరస్కరించిన రచనల గురించి ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండవని చాలా పత్రికలు ముందే ప్రకటిస్తాయి. అందువల్ల మౌనం అంటే మీ కథ చదివి చీదరించుకున్నారని అర్థం కాదు. ఇంకా చదవలేదని కావచ్చు, చోటు లేదని కావచ్చు, వారికి నచ్చలేదని కావచ్చు. ఆ మూడింటిలో ఏది నిజమో ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం ఎవరివల్లా కాదు. మనసు మాత్రం ఎప్పుడూ మూడోదాన్నే ఎంచుకుంటుంది.

కథ మరెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం రాసి ఇస్తారు కనుక, ఒకే కథను ఒకేసారి రెండుచోట్లకు పంపడం సరికాదు. పంపిన తేదీ రాసిపెట్టుకోండి. పత్రిక గడువు చెప్పి ఉంటే ఆ గడువు, లేకపోతే మూడు నెలలు ఆగి, ఉపసంహరించుకుంటున్నానని మర్యాదగా ఒక మెయిల్ పంపి మరో పత్రికకు పంపండి. మెయిల్ చూడడానికి రోజులో ఒక్క సమయం, సాయంత్రం చదువు ముగిశాక, పెట్టుకోండి. ఈలోగా రెండో కథ మొదలుపెట్టండి. ఒక్క కథే బయట ఉన్నప్పుడు ప్రాణమంతా దాని మీదే ఉంటుంది, నాలుగు ఉన్నప్పుడు ఒకదాని కబురు ఆలస్యమైనా అంతగా బాధించదు.

ప్రశ్న: నేను విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగిని. సొంత ఖర్చుతో కవితా సంపుటి వేసుకున్నాను. ఆవిష్కరణ సభ బాగా జరిగింది. తరువాత ఫేస్‌బుక్‌లో ఒకరు చాలా పరుషంగా విమర్శించారు. అప్పటినుంచి, సుమారు ఎనిమిది నెలలుగా, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, అరచేతులు చెమటలు పడతాయి. ఆఫీసులో లెక్కలు తప్పుతున్నాయి. కవికి ఈ వేదన సహజమనీ, మందులు వాడితే కవిత్వం ఆరిపోతుందనీ ఒక పెద్దాయన అన్నారు. నిజమేనా?
– ఒక కవి

జవాబు: నిజం కాదు. ఈ ప్రశ్నకు నేను సాహిత్యం నుంచి జవాబు చెప్పను. మీరు వీలైనంత త్వరగా డాక్టరును కలవాలి.

మీరు రాసిన లక్షణాలు కవిత్వానికి సంబంధించినవి కావు. నిద్ర చెడిపోవడం, ఛాతీ పట్టేయడం, చెమటలు, పనిలో ఏకాగ్రత పోవడం, ఇవి నెలల తరబడి ఉంటే వైద్యం అవసరమైన ఆందోళన కావచ్చు. కుంగుబాటు కూడా దానితో కలిసి ఉండవచ్చు. ఛాతీలో ఇబ్బంది ఉంది కనుక ముందు జనరల్ ఫిజీషియన్‌కు చూపించుకొని గుండె పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె దడ, చెమటలు, నిద్రలేమి వస్తాయి. అవి సరిగా ఉన్నాయని తేలితే సైకియాట్రిస్టును కలవండి. మీ నగరంలోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. ముందు ఫోనులో మాట్లాడాలనిపిస్తే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, మరుసటి రోజు దాకా ఆగకుండా ఇంట్లో వాళ్ళకు చెప్పి, అదే నంబరుకు ఫోను చేయండి.

వైద్యమంటే మందులు ఒక్కటే కాదు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతిలో, మనసులో తిరుగుతున్న ఆలోచనను కాగితం మీద పెట్టి, దానికి ఆధారం ఎంత ఉందో పరిశీలించడం నేర్పుతారు. ‘ఆ విమర్శ చదివినవాళ్ళందరూ నన్ను చూసి నవ్వుతున్నారు’ అన్నది అలాంటి ఆలోచనే. డాక్టరు మందులు రాస్తే అవి పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కొందరికి మగతగానో మందకొడిగానో ఉండవచ్చు. అలా ఉంటే డాక్టరుకు చెప్పండి, మోతాదు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు. మీ అంతట మీరు మానకండి. నిద్రలేక, చేతులు చెమటలు పడుతూ, ఛాతీ పట్టేసి ఉన్న మనిషి కవిత్వం రాయగలడా అన్నది మీ ఎనిమిది నెలల అనుభవమే చెబుతోంది కదా. వేదన గురించి రాయడానికి కూడా కాస్త ఒళ్ళు కుదుటపడి ఉండాలి. ఆ పెద్దాయనకు మీ మీద అభిమానం ఉండవచ్చు గాని, ఆయన సలహా ప్రమాదకరమైనది. మన సాహిత్య సభల్లో ఈ మాట ఇంకా వినిపించడం ఆగాలి.

విమర్శ గురించి ఇప్పుడే ఆలోచించకండి. నిద్ర బాగుపడ్డాక, మీరు నమ్మే ఒక స్నేహితుడిని ఆ విమర్శ చదివి, అందులో కవితల గురించి చెప్పిన వాక్యాలు మాత్రం వేరుచేసి ఇమ్మనండి. మీ గురించి అన్న మాటలు ఆయన దగ్గరే ఉండిపోనివ్వండి. పనికివచ్చే వాక్యాలు రెండో మూడో ఉండవచ్చు, ఒక్కటీ ఉండకపోవచ్చు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ తెలుగులో రాయడం మొదలుపెట్టాను. నా కథలన్నీ మా ఇంటి సంగతుల చుట్టూనే తిరుగుతున్నాయి. అమ్మ చదివితే ఏమనుకుంటుందోనని చెయ్యి ముందుకు సాగడం లేదు. అమ్మ రాజమండ్రిలో ఉంటుంది, పత్రికలన్నీ చదువుతుంది.
– ఒక పాఠకురాలు

జవాబు: రాయడం ఒక నిర్ణయం, అచ్చుకు పంపడం వేరే నిర్ణయం. రెండో నిర్ణయాన్ని కథ పూర్తయ్యాక తీసుకోండి. రాసేటప్పుడు మీ ముందున్నది ఎవరూ చూడని కాగితమేనని మీకు మీరే గట్టిగా చెప్పుకోండి.

పూర్తయ్యాక ఊరు మార్చినా, ఉద్యోగం మార్చినా, అన్నను తమ్ముణ్ణి చేసినా అమ్మ గుర్తుపడుతుంది. ఇంటివాళ్ళు గుర్తుపట్టేది వివరాలను బట్టి కాదు, ఆనాటి దెబ్బను బట్టి. అందుచేత ఆ తల్లి పాత్రకు కూడా తన వైపు చెప్పుకోవడానికి కథలో చోటు దొరికిందా అని చూడండి. కూతురికి తెలియని కారణం ఒకటి తల్లికి ఉండి ఉంటుంది. దానికోసం వెతికితే కథ బలపడుతుంది, మీ భయమూ కొంత తగ్గుతుంది. అప్పటికీ మనసు ఒప్పుకోకపోతే కథను దాచుకోండి, లేదా అచ్చుకు ముందు అమ్మకే చదివి వినిపించండి. ఏది చేయాలో మీ ఇద్దరి మధ్య ఉన్న చనువే చెబుతుంది. ఇరవై ఏళ్ళ విరామం వల్ల మాటలు తోచడం లేదని మీరు అనుకుంటున్నారేమో, ఉత్తరం చూస్తే నాకు ఆ లోటు కనిపించలేదు.

ప్రశ్న: పదవీ విరమణ చేసి కథలు రాస్తున్నాను. మా ఆవిడ ఏది చదివినా బాగుందంటుంది. ఒక మిత్రుడు ఏది చదివినా బాగాలేదంటాడు. ఎవరి మాట వింటే ఎవరిది నిజమో తెలియక, అసలు నా కథల మీద నాకే నమ్మకం పోతోంది. మొదట ఎవరికి చూపించాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, అనంతపురం

జవాబు: ఇద్దరికీ చూపించండి, కానీ బాగుందా అని ఇద్దరినీ అడగకండి. ఆ ప్రశ్న అడిగితే మీ ఆవిడగారు మీ మీద ప్రేమతో జవాబు చెబుతారు, మీ మిత్రుడు తన అభిరుచి ఎంత గొప్పదో చెబుతాడు. కథ గురించి ఇద్దరూ చెప్పరు. మీరు కూడా ఆ జవాబు కోసం ఎదురుచూస్తూ వాళ్ళ ముఖాలు చూస్తుంటారు.

కథ చేతికిచ్చి, చదవడం ఎక్కడ ఆపారో, ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవవలసి వచ్చిందో పెన్సిలుతో గుర్తు పెట్టమనండి. చదివాక కథను మీకు తిరిగి చెప్పమనండి. వాళ్ళు చెప్పిన కథలో మీరు ముఖ్యమనుకున్న సంఘటన లేకపోతే, అది కథలో సరిగా పడలేదని అర్థం. మీరు పట్టించుకోని పాత్రను వాళ్ళు గుర్తుపెట్టుకుంటే, ఆ పాత్రలో ఏదో ఉందని అర్థం. ఇద్దరూ ఒకేచోట పెన్సిలు పెడితే ఆ పేరాను తిరగరాయండి. ఒక్కరే పెడితే మరోసారి చదివి మీరే నిర్ణయించుకోండి. గుర్తులు పెట్టినదానికి మీ దగ్గర సంజాయిషీ ఉన్నా ఆ రోజు మాత్రం వాళ్ళకు చెప్పకండి. చెబితే మరో కథకు వాళ్ళు పెన్సిలు పట్టుకోవడానికి మొహమాటపడతారు.